తెరమీద పేరు ఎవరిది?

యూసుఫ్‌ఖాన్ దిలీప్‌కుమార్ అయ్యాడు. మహజబీన్ మీనాకుమారి అయింది. ముంతాజ్ జహాన్ మధుబాల అయింది. మా గోల్కొండ హమీద్ అలీఖాన్ అజిత్ అయ్యాడు. ఈ వరస వినగానే రెండు మాటలు వినబడతాయి. పాపం, భయపడ్డారు అని ఒకటి. కళకి మతమేమిటి అని ఇంకొకటి. ఈ రెండూ మాకు చాలవు.

కళకి మతం లేదనేవాళ్లు వెంటనే అశోక్‌కుమార్‌ని చూపిస్తారు. ఆయన కుముద్‌లాల్ గంగూలీ, ఆయనా మార్చుకున్నాడు కదా అంటారు. నిజమే. కానీ ఆయన పేరు మారినా ఇంటి గడప దాటలేదు. యూసుఫ్ దాటాల్సి వచ్చింది. 'జ్వార్ భాటా' (1944)కి ముందు బాంబే టాకీస్‌లో దేవికారాణి కొత్త పేరు సూచించినప్పుడు, సినిమాలంటే గిట్టని పఠాన్ తండ్రి నుంచి ఆ పేరు చాటు కూడా అయింది. అంటే భయం బయటే కాదు, ఇంట్లోనూ వుంది. ఇది మేం దాచుకోం.

ఆ చాటున ఆయన చేసింది చిన్న పనా? 'కోహినూర్' (1960) కోసం సితార్ నేర్చుకున్నాడు. 'గంగా జమున' (1961) సొంతంగా తీసి, పెషావర్‌లో పుట్టిన నోటితో అవధ్ పల్లె యాస పలికాడు. హిందీ రైతుని అంత సొంతం చేసుకున్న నటుడికి ముస్లిం పాత్ర ఏదంటే గుర్తొచ్చేది మొఘల్ యువరాజు సలీం ఒక్కడే! ఆనాటి బొంబాయి సినిమాలో సాయిబు సింహాసనం మీదో ముషాయిరాలోనో వుండాలి. మగ్గం ముందు, మిల్లులో వుండకూడదు. 'గరమ్ హవా' (1973) లాంటివి వేళ్లమీద లెక్క. చివరికి పాకిస్తాన్ 1998లో ఇచ్చిన నిషాన్-ఎ-ఇంతియాజ్ వాపసు చేయాలని, కార్గిల్ రోజుల్లో (1999) శివసేన వెంటపడినప్పుడు, అర్ధశతాబ్దపు దిలీప్‌కుమార్ ఒక్కపూటలో మళ్లీ యూసుఫ్‌ఖాన్ అయిపోయాడు.

అందుకే మాకు వహీదా రెహమాన్ ముఖ్యం. తెలుగువాళ్లకి ఆమె 'రోజులు మారాయి' (1955)లో ఏరువాక పాటకి ఆడిన పిల్ల. గురుదత్ సంస్థ 'సి.ఐ.డి.' (1956)కి తీసుకుని పేరు మార్చమంది. మరీ పొడుగన్నాడు దర్శకుడు రాజ్ ఖోస్లా. అమ్మానాన్నలు పెట్టిన పేరు, మార్చనంది. మైనరు కనక తల్లి సంతకం కావాల్సిన ఆ పిల్ల, నచ్చని దుస్తులు వేసుకోనని కూడా ఒప్పందంలో రాయించుకుంది! ఇందులో మతాభిమానం వెతకనక్కర్లేదు. తన పేరూ తన ఒళ్లూ తన షరతుల్లో వుండాలన్న కళాకారిణి పంతం అది. పేరు నిలిచినంత మాత్రాన పాత్రలు మారలేదనుకోండి. ఆమె ముస్లిం స్త్రీగా వేసిన 'చౌద్‌వీ కా చాంద్' (1960) కథంతా ముసుగు చుట్టూనే తిరుగుతుంది.

'గైడ్' (1965) దగ్గర మాత్రం మా కన్ను ఆగుతుంది. నాట్యం వదులుకుని పెళ్లి చేసుకున్న రోజీ మళ్లీ గజ్జె కడుతుంది. లోకం మెచ్చే నర్తకి కావడానికి రోజీ పనికిరాదు, నళిని కావాలి. పేరు వదలని నటి, పేరు వదిలిన నర్తకిని ఆడుతోంది! నళినికి పేరొచ్చాక, డబ్బొచ్చాక ఆమె మొహంలో కమ్ముకునే అలసట చూడండి. ఆ పాత్రకి వచ్చిన ఫిల్మ్‌ఫేర్, 2023లో ప్రకటించిన దాదాసాహెబ్ ఫాల్కే, రెండూ వహీదా రెహమాన్ పేరుమీదే వున్నాయి.