గూడు కట్టిన బండి

కారంచేడు వైపు నల్లరేగడి నేలలో బండి నడపడం తేలికైన పనేమీ కాదు. ఎండాకాలం నెర్రెలు విచ్చుకునే ఆ నేల, రెండు వానలు పడితే చాలు, చక్రాన్ని పట్టుకుని వదలదు. ఆ దారుల్లో పశువుల ఎరువు, మిరపకాయల బస్తాలు, పత్తి, పొగాకు మోసిన ఎద్దుబండే తిరునాళ్ళ రోజులొచ్చేసరికి ఇల్లయిపోయేది. శివరాత్రికి కోటప్పకొండకో, కార్తీక పున్నమికి వాడరేవు సముద్రస్నానానికో బయల్దేరే ముందు బండికి గూడు కట్టేవారు. అడుగున వరిగడ్డి మందంగా పరిచి, దాని మీద బొంతలు వేసి, ముసలివాళ్ళనీ పిల్లల్నీ ఎక్కించేవారు. వంటసామాను ఒక మూల, బండి కింద వేలాడే లాంతరు, పక్కన నీళ్ళ కుండ. వెళ్ళేటప్పుడు పరుపుగా ఉన్న గడ్డి తిరిగొచ్చేసరికి ఎడ్లకు మేత అయిపోయేది. బండి నడిచే ఇంధనం మీదే పడుకుని ప్రయాణం చేసే ఏర్పాటు ఇంకే దేశపు క్యాంపర్‌లోనూ ఉందని నేను వినలేదు.

క్యాంపర్ అంటే పికప్ ట్రక్కు తొట్టిలో కూర్చోబెట్టే చిన్న గది. అమెరికాలో దాన్ని ఊరెళ్ళాలంటే ఎక్కిస్తారు, పనికెళ్ళాలంటే దించేస్తారు. మన గూడు చేసిందీ సరిగ్గా ఆ పనే. ఇప్పుడు మన దగ్గరా టాటా ఏస్ లాంటి చిన్న ట్రక్కుల మీద మంచం, పొయ్యి, ఫ్యాను పెట్టించుకుని తిరగాలనే సరదా మొదలైంది. సరదా మంచిదే. కానీ చాలామంది రంగు దగ్గర, లైట్ల దగ్గర, లోపలి సన్‌మైకా దగ్గర ఆగిపోతున్నారు. పనితనం చూడాలంటే వంగి కిందికి చూడాలి. పెట్టె, బండి కలిసే చోట చూడాలి.

పాత గూడునే చూడండి. పచ్చి వెదురును నిలువునా చీల్చి, బద్దలు వంగే గుణం పోకముందే విల్లులా వంచుతారు. రెండు కొసల్నీ బండి పక్క గుంజల దగ్గర దిగేసి, జనుపనార తాడుతో కడతారు. అడ్డబద్దలు వేసి, పైన తాటాకో వెదురు తడికో కప్పుతారు. మొత్తం మీద ఒక్క మేకు ఉండదు. ఇది పేదరికం వల్ల వచ్చింది కాదు, మేకు కొట్టగలిగిన కమ్మరి ఊళ్ళోనే ఉన్నాడు. కొయ్య చక్రాల బండికి స్ప్రింగులు లేవు. గతుకులో పడ్డ ప్రతి దెబ్బా నేరుగా పైకి వస్తుంది. మేకు కొడితే నాలుగు మైళ్ళు పోయేసరికి దాని రంధ్రం పెద్దదై వదులైపోతుంది. ముడి అలా కాదు. దెబ్బ తగిలినప్పుడు కాస్త లొంగి, మళ్ళీ తన చోటికి వస్తుంది. తిరునాళ్ళ నుంచి రాగానే ముళ్ళు విప్పి గూడును కొట్టంలో చూరు కింద వేలాడదీస్తే, మర్నాడు బండి ఎరువు తోలడానికి సిద్ధం.

కింద చక్రం ఇంకా గొప్పది. మధ్యలో కుండ, కుండలోంచి మామూలుగా పన్నెండు ఆకులు, ఆకుల కొసల మీద ఆరు పూటీలు, ఒక్కో పూటీకి రెండేసి ఆకులు. నల్లతుమ్మ చేవ దీనికి పెట్టింది పేరు. ఈ ముక్కల్ని కలిపి పట్టి ఉంచేది జిగురూ కాదు, మరా కాదు, చుట్టూ ఉన్న ఇనప పట్టా. దాన్ని చక్రం కంటే కావాలనే చిన్నదిగా చేస్తారు. పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు పోస్తారు. నాలుగున్నర అడుగుల చక్రం చుట్టుకొలత నాలుగు మీటర్ల పైచిలుకు. అంత ఇనుము నాలుగు వందల డిగ్రీలు వేడెక్కితే రెండు సెంటీమీటర్ల దాకా సాగుతుంది. చల్లారేటప్పుడు ఆ రెండు సెంటీమీటర్లూ వెనక్కి లాక్కుంటుంది. పూటీలు ఒకదానికొకటి, ఆకులు కుండలోకి కరకరమంటూ బిగుసుకుంటాయి. ఎంత చిన్నదిగా చేయాలో కమ్మరికి లెక్క తప్పకూడదు. ఎక్కువ చిన్నదైతే ఆకులు విరుగుతాయి, తక్కువైతే రోహిణి కార్తె ఎండకి కొయ్య కుంచించుకుపోయి పట్టా జారిపోతుంది. ఎండాకాలం చక్రాల్ని చెరువులో నానబెట్టేది అందుకే.

బరువు తూకం తోలేవాడి పని. రెండు చక్రాల బండికి ఇరుసే తక్కెడ ముల్లు. బరువంతా వెనక్కి పడితే కాడి పైకి లేచి ఎడ్ల మెడకింద తాళ్ళు ఒత్తుకుంటాయి, ముందుకు పడితే మెడలు కుంగిపోతాయి. అందుకే లావుపాటి అత్తగారిని ఎక్కడ కూర్చోబెట్టాలో బండివాడు చెప్పేవాడు, ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

ఇక చిన్న ట్రక్కు. టాటా ఏస్ 2005లో వచ్చింది. గిరీశ్ వాఘ్ నాయకత్వంలో తయారైన ఈ బండికి ఇంజను ఎలా దొరికిందో వింటే ముచ్చటేస్తుంది. ఇండికా కారులోని నాలుగు సిలిండర్ల 1,405 సీసీ డీజిల్ ఇంజన్ని సగం చేశారు. రెండు సిలిండర్లు, 702 సీసీ, 16 హార్స్‌పవర్. ఆగి ఉన్నప్పుడు ఒళ్ళంతా వణికే ఆ వణుకు పాత ఏస్ ఎక్కినవాళ్ళందరికీ గుర్తే. ఆ ఇంజన్ని సీట్ల కింద దాచేయడంతో ముందు మూతి మిగల్లేదు. మొత్తం బండి పొడవు 3.8 మీటర్లు, అందులో తొట్టే 2.2 మీటర్లు. వెడల్పు ఒకటిన్నర మీటరు. అంటే ఆరడుగుల మనిషి కాళ్ళు చాపుకుని పడుకోగలడు, పక్కన ఇంకొకరికీ చోటుంటుంది. ముందూ వెనకా కమాను కట్టలే. అవి ఏ ఊరి షెడ్డులోనైనా విప్పి, విరిగిన పట్టీ మార్చి, మళ్ళీ కట్టగలిగిన వస్తువులు. ఇంటి నుంచి దూరంగా తిరిగేవాడికి కారు సుఖం కంటే ఈ భరోసా ఎక్కువ.

ఇలాంటి ట్రక్కు మీద పెట్టె ఎలా కూర్చోవాలో ఆంధ్రప్రదేశ్ అంతా ఈ మధ్యే ఒకసారి చూసింది. 2021 జనవరి 21న ఇంటింటికీ రేషన్ ఇచ్చే 9,260 బండ్లను ప్రభుత్వం రోడ్డెక్కించింది. వాటిలో 6,413 టాటా ఏస్ గోల్డ్‌లు. తూకం కాటా, మైకు, బియ్యం బస్తాలు అన్నీ ఆ చిన్న తొట్టిలో ఇమడాలి. 2025 జూన్ నుంచి రేషన్ మళ్ళీ దుకాణాలకు మారింది. ఆ పథకం మంచిచెడ్డలు వేరే చర్చ. గది కట్టించుకోవాలనుకునేవాళ్ళు మాత్రం అలాంటి బండి ఎక్కడైనా కనిపిస్తే ఆగి, పెట్టె మూలల్ని ఒకసారి తడిమి చూడాలి. పగుళ్ళు ఎక్కడ మొదలయ్యాయో, ఎక్కడ లేవో అదే చెబుతుంది.

పగులు సాధారణంగా తలుపు పై మూలలో మొదలవుతుంది. కారణం తొట్టిలో లేదు, ఛాసిస్‌లో ఉంది. ఒక చక్రం గుంటలో దిగినప్పుడు ఛాసిస్ మెలి తిరుగుతుంది. అది లోపం కాదు, తిరగాలనే అలా చేశారు. దాని మీద బిర్రుగా వెల్డింగు చేసిన పెట్టె ఆ మెలికను ఒప్పుకోదు. ఇద్దరిలో ఎవరో ఒకరు ఓడిపోవాలి, సన్నటి రేకుపెట్టే ఓడిపోతుంది. ముందు వెంట్రుకవాసి చీలిక, తర్వాత దాంట్లోంచి వాననీరు, తర్వాత తుప్పు.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీలకు ఇది ఎవరూ పాఠం చెప్పలేదు, అయినా తెలుసు. ఛాసిస్ పట్టీల మీద పొడవాటి కర్ర దిమ్మెలు పరుస్తారు. దాని మీద బాడీ అడ్డదూలాలు ఆనిస్తారు. ఈ మూడింటినీ కలిపి యూ బోల్టులతో పట్టిస్తారు. ఛాసిస్‌కి రంధ్రం పడదు, వెల్డింగు పడదు. మధ్యలో ఉన్న కర్ర మెలికను తాను కొంత మింగుతుంది, ఇనుము ఇనుముతో రాసుకోకుండా ఆపుతుంది. చిన్న ట్రక్కు పెట్టెకూ ఇదే సూత్రం. వెనక రెండు చోట్ల గట్టిగా, ముందు రెండు చోట్ల రబ్బరు బుష్షుల మీద. అప్పుడు మెలిక వచ్చినా పెట్టె ముందు భాగం కాస్త ఊగి ఊరుకుంటుంది. మొదటి దూరప్రయాణం కాగానే బోల్టులన్నీ మళ్ళీ బిగించాలి, ఎండాకాలం మొదట్లో ఇంకోసారి. కర్ర కుంచించుకుపోవడం చక్రంతోనే ఆగిపోలేదు కదా.

బరువు లెక్క దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. ఏస్ మొదట వచ్చినప్పుడు దాని మోత 750 కిలోలు. పెట్టె గోడలకు, పైకప్పుకు కలిపి పద్నాలుగు చదరపు మీటర్లు పడుతుందనుకుందాం. పదహారు గేజి ఇనప రేకు వేస్తే చదరపు మీటరుకు పన్నెండు కిలోల పైనే, మొత్తం 170 దాటుతుంది. అదే మూడు మిల్లీమీటర్ల అల్యూమినియం కాంపోజిట్ షీటు వేస్తే 60 కిలోలకు అటూ ఇటూ. ఇద్దరు మనుషుల బరువు అక్కడే మిగిలింది. అంగుళం స్క్వేర్ పైపు చట్రానికి యాభై కిలోలు, ప్లైవుడ్ అడుగు పాతిక, మంచమూ తలుపులూ అరవై, నీళ్ళు నలభై లీటర్లు, బ్యాటరీ, సోలార్ పలక, చిన్న సిలిండరు. అన్నీ కలిపినా మూడు వందల లోపు ఉంచవచ్చు. ఉంచితేనే బ్రేకులు, కమాన్లు నాలుగు కాలాలపాటు మన్నుతాయి. మంచి మేస్త్రీ ఏం పెట్టాలో అడగడు, ఏం తీసేద్దామని అడుగుతాడు.

బరువు ఎక్కడుందన్నది ఇంకో ప్రశ్న. నీళ్ళు, బ్యాటరీ మంచం కింద, రెండు ఇరుసుల నడుమ. పైకప్పు మీద సోలార్ పలక తప్ప ఏమీ వద్దు. 1982లో ఎన్.టి. రామారావు ప్రచారం చేసిన చైతన్య రథం ఈ విషయంలో వేరే జాతి. పాత షెవర్లే వ్యాను అది, కొడుకు హరికృష్ణ నడిపేవారు. మనిషి టాపు మీదికెక్కి జనంతో మాట్లాడటం కోసం తయారైన బండికి ఎత్తే ప్రాణం, దానికి తగ్గ పెద్ద చట్రమూ కింద ఉంది. ఆ ఠీవి చూసి పన్నెండంగుళాల చక్రాల ఏస్ మీద నిచ్చెనా, టాపు మీద కుర్చీలూ పెట్టించేవాళ్ళని చూస్తే భయమేస్తుంది. వంతెన మీద పక్కగాలి కొడితే అర్థమవుతుంది.

ఎండ సంగతి మనవాళ్ళకి వేరే చెప్పాలా? తాటాకు గూడులో ఆకుల నడుమ గాలి నిలుస్తుంది, అందుకే అది చల్లన. రేకుపెట్టెకు ఆ గుణం తేవాలంటే పైకప్పు రెండు పొరలుగా ఉండాలి, నడుమ గాలి ఆడాలి, పైన తెల్లరంగు. 12 వోల్టుల చిన్న ఫ్యాను రాత్రంతా తిరిగినా రెండు వందల వాట్-అవర్లకు మించదు, నూరు ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో పన్నెండు వందలకు పైగా ఉంటుంది. ఏసీ ఊసెత్తకపోతే లెక్కలన్నీ సుఖంగా కుదురుతాయి. వంటగ్యాసు గాలికంటే బరువు. లీకైతే నేలమీద పేరుకుంటుంది. అందుకని గాలికన్నం పైన ఒకటి ఉంటే చాలదు, అడుగు పక్కన కూడా ఒకటి తప్పనిసరి. అది ఉందో లేదో చూస్తే చేసినవాడు ఆలోచించి చేశాడో, ఎక్కడో చూసి చేశాడో తెలిసిపోతుంది.

ఈ ప్రాంతంలో అసలు శత్రువు ఉప్పుగాలి. వాడరేవు, సూర్యలంక ఒడ్డున ఒక్క రాత్రి నిలిపినా బండి కింద ఉప్పు పేరుకుంటుంది. వచ్చీ రాగానే మంచినీళ్ళతో అడుగంతా కడగాలి. స్క్వేర్ పైపులకు బయట రెడ్ ఆక్సైడ్ కొట్టి సంతోషపడితే చాలదు, తుప్పు లోపలి నుంచి వస్తుంది. పైపు కొసలు మూసేయాలి, అడుగున నీరు కారడానికి చిన్న రంధ్రాలు వదలాలి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండి స్వరూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం వేరే ఉంది. ముందే రవాణా కార్యాలయంలో అడిగి మొదలుపెట్టండి. సరుకుల బండి తొట్టిలో మనుషుల్ని ఎక్కించి నడపడం నేరం. పడుకోవడం బండి ఆగాకే.

బాడీ కట్టించుకోబోయేవాళ్ళు మేస్త్రీని ధర అడగడానికి ముందు ఒక మాట అడగండి: ఈ పెట్టెను రేపు విప్పి దించాలంటే ఎలా? నాలుగు బోల్టులు చూపించి, ఇవి తీసి నలుగురు పట్టుకుంటే చాలని చెప్పేవాడి దగ్గర అడ్వాన్సు ఇవ్వండి. గ్యాస్ కట్టర్ తేవాలనేవాడికి దణ్ణం పెట్టి పక్క షెడ్డుకి వెళ్ళండి. పని పూర్తయ్యాక మాత్రం, ఇంటికి తెచ్చి కొబ్బరికాయ కొట్టే ముందు వేబ్రిడ్జి మీదికి ఎక్కించి చీటీ తీసుకోండి.