వంపులో దొరికే తిన్నదనం

గుర్రాన్ని తిన్నగా నడిపించాలంటే ముందు దాన్ని గుండ్రంగా తిప్పాలి. వినడానికి తిరకాసుగా ఉన్నా, యూరప్‌లో శతాబ్దాలుగా సాగుతున్న శాస్త్రీయ అశ్వశిక్షణ చాలావరకు ఈ సూత్రం మీదే నిలబడి ఉంది. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్‌లో పొద్దుటిపూట సాధన చూడ్డానికి టికెట్ కొనుక్కుని వెళ్లేవాళ్లు, వెనక కాళ్ల మీద లేచి గాలిలోకి ఎగిరే తెల్లటి లిపిజ్జానర్ గుర్రాల కోసం ఎదురుచూస్తుంటారు. వాళ్లకు ఎక్కువసేపు కనిపించేది మాత్రం వలయాలు. పెద్ద వలయం, చిన్న వలయం, రెండు వలయాలు కలిసిన ఎనిమిది అంకె, మళ్లీ పెద్ద వలయం. ఆ ఎగురుళ్లకు కావలసిన బలం, ఒడుపు తయారయ్యేది అక్కడే.

గుర్రానికి పుట్టుకతోనే కొంచెం వంకర ఉంటుంది. మనలో కొందరిది కుడిచేతివాటం, కొందరిది ఎడమచేతివాటం అయినట్టు దానికీ ఒక పక్క తేలిగ్గా వంగుతుంది, రెండో పక్క బిగుసుకుని ఉంటుంది. పచ్చిక బయల్లో తన మానాన తాను తిరుగుతున్నంతకాలం దీనివల్ల ఇబ్బంది లేదు. వీపు మీద మనిషి ఎక్కాకే చిక్కు వస్తుంది. నిలబడి ఉన్న గుర్రం బరువులో దాదాపు అరవై శాతం ముందుకాళ్ల మీదే ఉంటుంది. రౌతు బరువు దానికి తోడవుతుంది. మనకున్న కాలర్ బోన్ గుర్రానికి లేదు. ముందుకాళ్ల మధ్య దాని ఛాతీని కండరాలూ స్నాయువులే పట్టి ఉంచుతాయి. వంకరగా నడిచే గుర్రంలో ఈ భారం ఒక భుజం మీదికి ఒరిగిపోతుంది. ఏళ్ల తరబడి అలాగే నడిస్తే ఆ పక్క కాలు ముందుగా అరుగుతుంది. అందుకే రెండు పక్కలనూ సమానంగా సాగదీసి, సమానంగా బలపరిచే కసరత్తు కావలసి వచ్చింది. వలయం పుట్టింది ఆ అవసరంలోంచే.

రెండువేల ఏళ్ల తర్జనభర్జన

క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకు సేనాని జెనొఫన్ అశ్వశిక్షణ మీద రాసిన పుస్తకంలోనే ఈ చర్చ ఉంది. గుర్రం రెండు వైపులకూ తిరగడం అలవాటు చేసుకోవాలి కాబట్టి దిక్కులు మారుస్తూ వలయాలు తిప్పమన్నాడు ఆయన. పూర్తి గుండ్రం కన్నా కోలగా, మధ్యలో తిన్నని గీతలు వచ్చేలా తిప్పడం మేలనీ చెప్పాడు. మన దేశంలో కౌటిల్యుడు అర్థశాస్త్రంలో అశ్వాధ్యక్షుడి విధులు చెబుతూ స్వారీ గుర్రం నేర్వాల్సిన గతులను లెక్కపెట్టాడు. వాటిలో మొదటిది వల్గనం, అంటే వలయాకారంలో తిరగడం. అందులోనే ఆరు రకాలు చెప్పాడు.

పునరుజ్జీవన కాలపు ఇటలీలో నేపుల్స్‌కు చెందిన ఫెదెరీకో గ్రిజోనె 1550లో అచ్చువేసిన పుస్తకం యూరప్ అంతటా చదివారు. వలయాలు అందులో ఉన్నాయి, వాటితో పాటు కొరడా, ముల్లు కూడా ధారాళంగా ఉన్నాయి. ఫ్రాన్స్ రాజు పదమూడో లూయీకి స్వారీ నేర్పిన ప్లూవినెల్ దారి వేరు. ఒక స్తంభం చుట్టూ గుర్రాన్ని తిప్పుతూ ఓర్పుతో, మెచ్చుకోలుతో నేర్పించాలన్నది ఆయన పద్ధతి. ఇంగ్లండ్ నుంచి ప్రవాసం వెళ్లి ఆంట్‌వెర్ప్‌లో తలదాచుకున్న విలియం కావెండిష్, తర్వాత న్యూకాసిల్ డ్యూక్ అయినవాడు, 1658లో తన గ్రంథం వెలువరించాడు. గుర్రం తలను లోపలికి తిప్పి, చిన్న వలయంలో దాని భుజాలను సడలించడం ఆయన ప్రత్యేకత.

ఆ తర్వాతి శతాబ్దంలో ఫ్రెంచి గురువు లా గెరినియేర్ ఇక్కడే లోపం పట్టాడు. అదేపనిగా వలయంలో ఉంచితే బరువు ముందుకాళ్ల మీదికి పోతోందని గమనించి, ఆ వంపును వలయంలోంచి బయటికి తీసి గోడ వెంట తిన్నగా నడిచేటప్పుడు వాడాడు. భుజాలు లోపలికి, నడక ముందుకు. ఇప్పటి శిక్షకులు ‘షోల్డర్ ఇన్’ అనేది దీన్నే. 1733లో అచ్చయిన ఆయన గ్రంథాన్ని వియన్నా పాఠశాల నేటికీ తన పునాదిగా చెప్పుకుంటుంది. 19వ శతాబ్దపు జర్మన్ గురువు గుస్తాఫ్ స్టైన్‌బ్రెఖ్ట్ ఈ వాదాన్ని మరింత బిగించాడు. ముందుకు నడవడం, తిన్నగా ఉండడం అనే రెండింటికే పెద్దపీట వేశాడు. ఇన్ని తరాల తర్జనభర్జనలో తేలింది ఒకటే. వలయం గమ్యం కాదు, సాధనం. గుర్రాన్ని వంచేది తిన్నగా చేయడానికే.

ఇరవై మీటర్ల గీత

ఈ శిక్షణకు క్రీడారూపమైన ఇప్పటి డ్రెస్సేజ్‌లో మొదటి పాఠం 20 మీటర్ల వ్యాసం ఉన్న వలయం. చిన్న మైదానం కొలత 20 మీటర్లు వెడల్పు, 40 మీటర్లు పొడవు. కాబట్టి వలయం అందులో సరిగ్గా సగానికి పడుతుంది. వియన్నా హాలు వెడల్పు 18 మీటర్లే, అక్కడి పెద్ద వలయం ఆ మేరకు కుదించుకోవాల్సిందే. వలయం నాలుగు బిందువులను మాత్రమే తాకాలి: పొట్టి గోడ నడిమి బిందువు, మైదానం కేంద్రం, పొడుగు గోడల మీద మూల నుంచి పది మీటర్ల దూరంలో చెరొకటి. తాకిన చోట ఒక్క అడుగు వేసి వెంటనే లోపలికి మళ్లాలి.

కొత్తవాళ్లు తప్పేది ఇక్కడే. గోడ దొరికిందంటే దాన్ని పట్టుకుని మూల దాకా పోతారు. అప్పుడు వలయం ఒక పక్క పలకలు తేరుతుంది. గోడ లేని రెండో పక్క గుర్రం బయటికి జారి, గుండ్రం కాస్తా కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. నాలుగు బిందువుల దగ్గర నాలుగు ప్లాస్టిక్ కోన్లు పెట్టి చూస్తే ఎవరి గీత ఎక్కడ వంకరపోతోందో బయటపడుతుంది. ‘రౌతు కొద్దీ గుర్రం’ అన్న సామెతకు ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. వలయం ముందుగా పరీక్షించేది పైనున్న మనిషినే.

ఇందులో చిన్న లెక్క ఒకటి ఉంది. గుర్రం లోపలి కాళ్లు ఒక గీత మీద, బయటి కాళ్లు దానికి 30 సెంటీమీటర్ల అవతల మరో గీత మీద నడుస్తున్నాయనుకుందాం. ఒక చుట్టు పూర్తయ్యేసరికి బయటి కాళ్లు దాదాపు 1.9 మీటర్లు ఎక్కువ నడుస్తాయి. వలయం పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా మారదు. కాకపోతే 20 మీటర్ల వలయంలో అది 63 మీటర్ల దారి మీద పరుచుకుంటుంది. 10 మీటర్ల వలయంలో అదే తేడా 31 మీటర్లలో సర్దుకోవాలి. అంటే లోపలి వెనక కాలు అడుగడుగునా ఎక్కువగా మడవాలి, శరీరం కిందికి ఎక్కువగా రావాలి, ఎక్కువ బరువు మోయాలి. చిన్న వలయం వయసొచ్చిన గుర్రాలకే గానీ పసి గుర్రాలకు ఎందుకు కాదో ఈ లెక్కే చెబుతుంది.

లోపలి కాలు, బయటి పగ్గం

వలయంలో గుర్రం రెండు రకాలుగా మోసం చేస్తుంది. తేలిగ్గా వంగే పక్కకు తిప్పితే మెడ మాత్రం అతిగా వంచి, బయటి భుజాన్ని వలయం బయటికి జారుస్తుంది. చూసేవాళ్లకు బాగా వంగినట్టే ఉంటుంది, నిజానికి వంగింది మెడ ఒక్కటే. బిగుసుకున్న పక్కకు తిప్పితే తల బయటికి పెట్టి, మలుపులో మోటర్‌సైకిల్ ఒరిగినట్టు లోపలి భుజం మీదికి ఒరిగిపోతుంది. అంతసేపూ వలయం చిన్నదైపోతూ ఉంటుంది.

సహజంగా చేతికి తోచే పని లోపలి పగ్గం లాగడం. అది రెండు జబ్బులనూ ముదరబెడుతుంది. గురువులు చెప్పేది తిరగేసిన పద్ధతి. లోపలి కాలు జీను పట్టీ దగ్గర ఆనించాలి. దాని చుట్టూనే గుర్రం పక్కటెముకలు వంపు తిరగాలి. బయటి కాలు బెత్తెడు వెనక ఉండి, పిరుదులు బయటికి తూలకుండా కాయాలి. బయటి పగ్గం మెడ ఎంత వంగాలో, నడక ఎంత వేగంగా సాగాలో హద్దు పెడుతుంది. లోపలి పగ్గం పని దారి చూపడం వరకే, అది కూడా వేళ్ల కదలికతో. వంపు సరిపోయిందనడానికి గుర్తు, జీను మీద నుంచి చూస్తే గుర్రం లోపలి కంటి అంచు మాత్రమే కనిపించాలి. ముఖం మొత్తం కనిపిస్తోందంటే లాగుడు ఎక్కువైందన్నమాట. రౌతు చూపు కాళ్ల కిందికి కాకుండా వలయంలో రాబోయే పావు భాగం మీద ఉండాలి. చూపు ఎటు పోతే నడుమూ భుజాలూ అటే తిరుగుతాయి. ఆ చిన్న కదలిక గుర్రం వీపుకు అందుతుంది.

నిజం చెప్పాలంటే గుర్రం వెన్ను తల నుంచి తోక దాకా విల్లులా వంగదు. మెడ బాగా వంగుతుంది, జీను కింద ఉండే నడిమి వెన్ను పక్కలకు వంగేది చాలా తక్కువ. ఛాతీ రెండు ముందుకాళ్ల మధ్య కాస్త లేచి జరగడం, పక్కటెముకలు ఒదగడం, లోపలి వెనక కాలు ముందుకు రావడం, ఇవన్నీ కలిసి వంపుగా కనిపిస్తాయి. పగ్గంతో వంపు తీసుకురాలేకపోవడానికి కారణం ఇదే.

లయ దొరికిందా?

జర్మన్ శిక్షణ క్రమంలో ఆరు మెట్లు ఉన్నాయి: లయ, సడలింపు, పగ్గంలో నిలకడైన స్పర్శ, ఊపు, తిన్నదనం, చివరగా బరువును వెనక కాళ్ల మీదికి తెచ్చుకోవడం. మొదటి రెండింటికీ వలయమే బడి. మామూలు నడకలో గిట్టల చప్పుడు నాలుగు దెబ్బలు, ట్రాట్ అనే చిన్న పరుగులో రెండు, కాంటర్ అనే దౌడులో మూడు దెబ్బలూ ఒక విరామమూ. ఈ వరుస చెడకూడదు, దెబ్బకూ దెబ్బకూ మధ్య వ్యవధి మారకూడదు. తిన్నటి దారిలో గుర్రం వేగంతో లోపాలు కప్పిపుచ్చుకోగలదు. వలయంలో ఆ వీలు లేదు. తూకం తప్పిన గుర్రం మలుపులో పడిపోతానన్న బెదురుతో అడుగులు తొందర చేస్తుంది, బిగుసుకున్నది ఈడుస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి శిక్షకులు సులువైన ఉపాయం వాడతారు. వలయం నాలుగు బిందువుల దగ్గర నేల మీద నాలుగు కర్రలు పరుస్తారు. కర్రకూ కర్రకూ మధ్య అడుగులు బయటికి లెక్కపెట్టమంటారు. ఒక పావులో నాలుగు కాంటర్ అడుగులు వచ్చి, తర్వాతి పావులో ఐదు వచ్చాయంటే గీతైనా తప్పింది, లయైనా తప్పింది. నాలుగు పావుల్లోనూ ఒకే లెక్క వచ్చేదాకా అదే సాధన. ఎడమకు వచ్చిన లెక్క కుడికి రాకపోతే బిగువు ఏ పక్కన ఉందో తేలిపోతుంది.

అది కుదిరాక సుడి మొదలవుతుంది. 20 మీటర్ల వలయాన్ని చుట్టు చుట్టుకూ తగ్గిస్తూ 12 మీటర్ల దాకా తెచ్చి, అక్కడి నుంచి లోపలి కాలితో మెల్లగా బయటికి నెడుతూ మళ్లీ 20కి తీసుకెళ్తారు. తగ్గేటప్పుడు వెనక కాలు బరువు మోయడం నేర్చుకుంటుంది. పెరిగేటప్పుడు లోపలి కాలిని విని బయటి పగ్గంలోకి రావడం నేర్చుకుంటుంది. ఎనిమిది అంకెలో కీలకమంతా రెండు వలయాలు కలిసే చోటే. పాత వంపు విడిచి కొత్త వంపు పట్టే ముందు ఒకటి రెండు అడుగులు గుర్రం పూర్తిగా తిన్నగా ఉండాలి. ఆ రెండడుగులు ఎగ్గొట్టి ఒక్కసారిగా తిప్పేస్తే లయ తెగుతుంది. వలయంలోనే ట్రాట్ నుంచి నడకకూ, నడక నుంచి ట్రాట్‌కూ మార్చడం మరో కసరత్తు.

సడలింపు వచ్చిందని ఎలా తెలుస్తుంది? వీపు ఊగుతుంది, తోక అటూ ఇటూ తేలిగ్గా ఆడుతుంది, గుర్రం ముక్కుతో బుసకొడుతూ ఊపిరి వదులుతుంది, కళ్లేన్ని నెమ్మదిగా నములుతుంది. పగ్గాలు కొద్దికొద్దిగా వదిలితే మెడను ముందుకూ కిందికీ చాపుతుంది, అడుగు మాత్రం తొందరపడదు.

వలయానికీ హద్దుంది

మంచిదే కదా అని గంటల తరబడి తిప్పితే వలయమే హాని చేస్తుంది. గుండ్రంగా తిరిగేటప్పుడు కీళ్ల మీద భారం రెండు పక్కలా సమానంగా పడదు. అందుకే ముందు పది నిమిషాలైనా వదులు పగ్గాలతో నడిపిస్తారు. కొన్ని చుట్లకోసారి దిక్కు మారుస్తారు. మధ్యలో పొడుగు గోడ వెంట తిన్నగా వదులుతారు. రౌతు లేకుండా పొడవాటి తాడు మీద తిప్పేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. గుర్రం బిగుసుకున్న పక్కకు ఎక్కువసేపు తిప్పి దారికి తెద్దామనుకోవడం పెద్ద పొరపాటు. అలిసిన కండరం మరింత బిగుస్తుంది. ఆ పక్కకు తక్కువసేపు, ఎక్కువసార్లు తిప్పడమే మేలు. వియన్నాలో పసి గుర్రాలకు మొదటి దశ తాడు మీద సాధన, ఆ తర్వాత సహజమైన నడకలో ముందుకు సాగే స్వారీ. ఉన్నత విద్య చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. యునెస్కో 2015లో ఈ పాఠశాల అశ్వవిద్యను మానవాళి అగోచర వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ కొత్తగా చేరిన శిష్యుడూ తాడు చివర తిరిగే గుర్రం మీదే, రికాబులు లేకుండా, పగ్గాలు పట్టకుండా కూర్చోవడం నేర్చుకుంటాడు. గుర్రానికీ మనిషికీ తొలి పాఠం వలయమే.

మనకూ ఇది మరీ దూరం కాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణలో గుర్రపుస్వారీ ఇప్పటికీ భాగమే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అనుష్ అగర్వాలా, హృదయ్ ఛేడా, దివ్యకృతి సింగ్, సుదీప్తి హజేలా డ్రెస్సేజ్ జట్టు స్వర్ణం గెలిచారు. అశ్వక్రీడల్లో మన దేశానికి 41 ఏళ్ల తర్వాత దక్కిన స్వర్ణం అది. మరుసటి ఏడాది పారిస్‌లో ఒలింపిక్ డ్రెస్సేజ్ బరిలో దిగిన తొలి భారతీయుడు అనుష్.

ఈ క్రీడ మీద ఇప్పుడు విమర్శలూ గట్టిగానే ఉన్నాయి. మెడను ఛాతీకి ఆనేలా బలవంతంగా ముడిచి తిప్పే శిక్షణ మీద ఏళ్లుగా గొడవ నడుస్తోంది. మంచి శిక్షణకూ బలవంతానికీ తేడా పట్టడానికి సంప్రదాయమే ఒక పరీక్ష ఇచ్చింది. వలయం మధ్యలో రౌతు లోపలి చేతిని జూలు వెంట ముందుకు చాపి రెండు మూడు అడుగుల పాటు పగ్గం పూర్తిగా వదులు చేస్తాడు. గుర్రం అదే వంపులో, అదే లయలో సాగిపోతే ఆ శిక్షణ దాని ఒంటికి పట్టినట్టు. తల విసిరినా, లోపలికి ఒరిగినా, పరుగందుకున్నా అంతవరకూ నిలబెట్టింది రౌతు చేతి బలమేనన్నమాట. ఈసారి టీవీలో డ్రెస్సేజ్ వస్తే పతకాల పట్టిక కన్నా ముందు అలాంటి రెండు మూడు అడుగులు కనిపిస్తాయేమో చూడండి.