ఆ ఇల్లు ఎవరిది?

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ఇంటిని ప్రభుత్వ పురావస్తు శాఖ కాపాడుతోంది. ఊళ్లో అందరూ దాన్ని 'వీరేశలింగం జన్మగృహం' అంటారు. వంటింట్లోనూ పెరట్లోనూ జరిగిన చరిత్రని వసారాలో నిలబడి చెప్పడం మనకి అలవాటు. ఆ ఇల్లు చూసినప్పటి నుంచీ 'జన్మగృహం' అన్న మాట దగ్గరే నా ఆలోచన ఆగిపోతోంది. జన్మ అన్నాక కన్నతల్లి గుర్తుకి రావాలి కదా? మనలో ఎంతమందికి ఆవిడ పేరు తెలుసు?

ఆవిడ పేరు పున్నమ్మ. 1848 ఏప్రిల్ 16న వీరేశలింగం పుట్టాడు. భర్త సుబ్బరాయుడు పోయేనాటికి ఆ పిల్లవాడికి నాలుగేళ్లు. పెదతండ్రి వెంకటరత్నం నీడన పెరిగాడు. అంటే వితంతు వివాహాల కోసం ఆంధ్రదేశంలో అంత అల్లరి పడ్డ మనిషి చిన్నతనమంతా ఒక వితంతువు కొంగు పట్టుకునే గడిచింది. సంస్కర్త ఇల్లు కాకముందు అది ఒక వితంతువు తలదాచుకున్న ఇల్లు. వైధవ్యం ఎలా ఉంటుందో ఆయన శాస్త్రాలు తిరగెయ్యకముందే కళ్లారా చూసి ఉంటాడు. ఆయన భావాలు ఎక్కడివని అడిగితే మన పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషు చదువునీ బ్రహ్మసమాజాన్నీ చూపిస్తాయి. తల్లి మాట ఎత్తవు.

ఇలాంటి ఇళ్లని ఎలా చూడాలో మనకి ముందే నేర్పేశారు. పెద్దమనుషుల ఇళ్లు ఎక్కడ చూసినా రాసుకున్న బల్ల, కళ్లజోడు, చేతికర్ర, అందుకున్న బిరుదుపత్రాలు చూసి దణ్ణం పెట్టుకుని వస్తాం. రాజమండ్రిలో ఆ గదుల్లో తిరుగుతున్నంతసేపూ నా కళ్లు మాత్రం పొయ్యి ఎక్కడ ఉండేదా, నీళ్ల బిందెలు ఎక్కడ దించేవాళ్లా, మైలపడ్డవాళ్లని ఏ మూల కూచోపెట్టేవాళ్లా అని వెతికాయి. ఊరికే కుతూహలంతో వెతకలేదు. అక్కడ జరిగిన అసలు పనికి అవే సాక్ష్యాలు.

1881 డిసెంబరు 11న వీరేశలింగం తన ఇంట్లో మొదటి వితంతు వివాహం జరిపించాడు. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. బసవరాజు గవర్రాజు వంటి మిత్రులు అండగా నిలిచారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశాడు. ఈ మగవాళ్ల పేర్లు చరిత్రలో బాగానే నిలిచాయి. గౌరమ్మ పేరూ నిలిచింది. నిలవంది ఆ పిల్ల మాట. పెళ్లినాటి రాత్రి ఆమె భయపడిందా, సంతోషపడిందా? అప్పటికి చట్టం లేక కాదు. వితంతువుల పునర్వివాహ చట్టం 1856లోనే వచ్చింది. ఆ చట్టంలోనే ఒక మెలిక ఉంది. మళ్లీ పెళ్లాడిన స్త్రీకి చనిపోయిన భర్త ఆస్తిలో ఉన్న హక్కు పోతుంది. తెల్లదొరల ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో తీసుకుంది. ఆ లెక్కన పెళ్లిపీటల మీద కూచున్న ఆడపిల్లకి కొత్త భర్తా, ఆ కొద్దిమంది సంస్కర్తల ఇళ్లూ తప్ప వేరే దిక్కు లేదు.

ఆ దిక్కుని నిలబెట్టింది రాజ్యలక్ష్మి. పుట్టింటి పేరు బాపమ్మ. 1861లో పెళ్లయ్యేనాటికి వీరేశలింగానికి పదమూడేళ్లు. ఆమె ఇంకా చిన్నది. పెళ్లిళ్లు మొదలుపెట్టగానే కుల పెద్దలు వెలివేశారు. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. రాజ్యలక్ష్మి గోదావరికి వెళ్లి బిందెలతో నీళ్లు తెచ్చుకుని, పెళ్లివారికి తనే వండి పెట్టింది. ఆమె గురించి రాసినవాళ్లందరూ చెప్పే సంగతే ఇది. చెప్పి, వెంటనే 'భర్తకు తగిన ఇల్లాలు' అని ఒక ముక్క తగిలిస్తారు. నాకు అభ్యంతరం ఉన్నది అక్కడే. ఉపన్యాసం ఇస్తే ఉద్యమం, పత్రిక నడిపితే ఉద్యమం, వెలిపడ్డ ఇంట్లో పదిమందికి అన్నం వండితే మాత్రం పాతివ్రత్యమా? వెలి అంటే అసలు ఏమిటి? నీళ్లూ నిప్పూ అన్నమూ ఆపెయ్యడమే కదా. ఆ వెలి బరువంతా పడేది ఇంటి ఆడదాని నెత్తిమీద. దాన్ని ఓడించిందీ ఆమే. రాజ్యలక్ష్మి పొయ్యి వెలిగించకపోతే ఆ పెళ్లి ఆగిపోయేది.

వీరేశలింగాన్ని తక్కువ చెయ్యాలని ఇదంతా చెప్పడం లేదు. 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకి బడి పెట్టినవాడాయన. అదే ఏడు 'వివేకవర్ధని' మొదలుపెట్టి పెద్దమనుషుల బండారం బయటపెట్టాడు. కానీ ఆయన సంస్కరణకి హద్దులున్నాయి. ఆడవాళ్ల కోసం 1883లో తెచ్చిన పత్రిక పేరే 'సతీహితబోధిని'. చదువు ఎందుకంటే మంచి ఇల్లాలు కావడానికి. బోగం మేళాల మీద ఆయన చేసిన పోరాటం మగవాళ్ల నీతి గురించి ఆలోచించినంతగా ఆ స్త్రీల బతుకుతెరువు గురించి ఆలోచించలేదు. గౌరమ్మకి తెరుచుకున్న తలుపు వాళ్లకి తెరుచుకోలేదు. ఆ ఇంటి గురించి చెప్పేటప్పుడు ఈ మాట కూడా చెప్పాలి. దేవుణ్ణి చేసి కూచోపెడితే మనిషితో మాట్లాడే అవకాశం పోతుంది.

మా గుంటూరు వైపు కూడా ఈ కథ ఇలాగే నడిచింది. వీరేశలింగం ఇంటిపేరే ఒంగోలుకి దక్షిణాన ఉన్న కందుకూరు నుంచి వచ్చింది. పూర్వీకులది ఆ ఊరే. ఆయన దారిలోనే ఉన్నవ లక్ష్మీనారాయణ గుంటూరులో 1902లో వితంతు శరణాలయం పెట్టాడు, 1922లో శారదానికేతనం స్థాపించాడు. ఉన్నవ పేరు చెప్పగానే 'మాలపల్లి' గుర్తొస్తుంది. భార్య లక్ష్మీబాయమ్మ పేరు ఆయన పేరు వెనక వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. కానీ శరణాలయం అంటే రోజూ కొందరు ఆడపిల్లలకి తలంటడం, జ్వరమొస్తే పక్కన కూచోవడం, రాత్రిపూట ఏడుస్తుంటే ఓదార్చడం. స్థాపించడం ఒకరోజు పని. నడపడం రోజూ చేసే పని. మన చరిత్ర మొదటిదానికి తేదీ వేసి రెండోదాన్ని వదిలేస్తుంది.

1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చి, తెలంగాణ పోరాటంలో దళాలకి అన్నం పెట్టిన, కబుర్లు మోసిన ఆడవాళ్ల చేతే చెప్పించింది. అది జరగబట్టి అన్నం పెట్టడాన్ని పోరాటంలో భాగంగా చదవడం నేర్చుకున్నాం. రాజ్యలక్ష్మిని అలా అడిగి రాసుకునేవాళ్లు లేకుండానే ఆమె 1910లో వెళ్లిపోయింది. భర్త 'స్వీయచరిత్రము' రాసుకున్నాడు. ఆమె కథ మనకి ఆయన వాక్యాల సందుల్లోనే దొరుకుతుంది.

ఆ సందుల్లో దొరికినదాన్నయినా ఇంటి గోడ మీదకి ఎక్కించవచ్చు. అందుకు పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. పున్నమ్మ ఇక్కడ వితంతువుగా బతికిందనీ, గౌరమ్మ ఇక్కడ మళ్లీ పెళ్లికూతురైందనీ, ఊరంతా వెలేస్తే రాజ్యలక్ష్మి గోదావరి నీళ్లు మోసుకొచ్చి ఇక్కడే వండిందనీ తెలుగులో మూడు పలకలు పెడితే చాలు. బడిపిల్లలు వరసగా నడిచి వచ్చినప్పుడు ఆ మూడు పేర్లూ బయటికి చదువుతారు. వాళ్లలో ఒక ఆడపిల్లయినా, మా అమ్మమ్మ ఇంట్లో నీళ్లు ఎవరు మోసేవాళ్లని ఇంటికెళ్లి అడుగుతుంది.