షరతుకు ఒక పేరు

పదేపదే వాడే వాక్యాలను ముందే రాసిపెట్టుకొని, పేరు, తేదీ, మార్కులు వంటి మారే వివరాలకు మాత్రం ఖాళీలు వదిలిన నమూనాను టెంప్లేట్ అంటారు. ‘ఇలా ఉంటే ఇది, లేకుంటే అది’ అని ఆ ఖాళీలో చేరవలసిన మాటను తేల్చే నిబంధన షరతు. కర్తను బట్టి క్రియ మారే తెలుగులో ఈ షరతు అడుగడుగునా అవసరమవుతుంది. బడిపిల్లల ప్రోగ్రెస్ రిపోర్టులో ‘శ్రద్ధ చూపాడు’, ‘పోటీలో పాల్గొన్నాడు’, ‘ప్రాజెక్టు చేశాడు’ అన్న వాక్యాలుంటే, బాలిక విషయంలో మూడు క్రియలూ మారాలి. సాధారణంగా ఒకే షరతును మూడుచోట్లా అతికిస్తారు. కొన్నాళ్ళకు ఒక నకలు లింగం గడిలో ‘స్త్రీ’ అన్న మాటను, మరొకటి ‘బాలిక’ అన్న మాటను వెతకడం మొదలుపెట్టడంతో, ఒకే అమ్మాయి ఒక వాక్యంలో ‘చూపింది’, తర్వాతి వాక్యంలో ‘పాల్గొన్నాడు’ అవుతుంది.

పైథాన్ భాష కోసం ఆర్మిన్ రోనాకర్ రూపొందించగా 2008లో విడుదలైన జింజా2 అనే టెంప్లేట్ సాధనంలో ఈ చిక్కుకు మాక్రో అనే ఏర్పాటు ఉంది. టెంప్లేట్‌లోని ఒక భాగానికి పేరుపెట్టి, కావలసిన చోటల్లా ఆ పేరుతో పిలిచే వీలునే మాక్రో అంటారు. దాన్ని వేరే ఫైలులో ఉంచి ఎన్ని టెంప్లేట్లలోకైనా దిగుమతి చేసుకోవచ్చు. అలా దిగుమతైన మాక్రోకు, ప్రత్యేకంగా కోరితే తప్ప, పిలిచిన టెంప్లేట్‌లోని వివరాలు కనిపించవు కాబట్టి లింగాన్ని విడిగా అందించాలి. ఇది చాదస్తంలా తోచినా, మాక్రో దేనిమీద ఆధారపడిందో పిలిచిన చోటే తెలిసిపోతుంది.

అయితే ‘-ఆడు’, ‘-ఇంది’ అనే ప్రత్యయాలను మాత్రమే అతికించే మాక్రో తెలుగులో నిలవదు. ‘చూపాడు, చూపింది’ కుదిరినా, ‘చేశాడు’ పక్కన రావలసింది ‘చేశింది’ కాదు, ‘చేసింది’. అందువల్ల మాక్రోకు పూర్తి రూపాలనే ఇచ్చి, ఎంపికను మాత్రమే దానికి అప్పగించాలి. ఇక లింగం గడి ఖాళీగా ఉంటే జింజా మామూలుగా ఏ హెచ్చరికా ఇవ్వదు. షరతు నెగ్గలేదని భావించి ‘లేకుంటే’ వైపు సాగిపోతుంది. ఆ వైపున పుంలింగ రూపం ఉంచడం అలవాటే గానీ, ‘చేశారు’ అన్న గౌరవ రూపం ఉంచితే ఎవరికీ నొప్పి కలగదు. సందేశాల అనువాదానికి వాడే ఐసీయూ పద్ధతిలోనైతే ‘ఇతరం’ అనే శాఖ తప్పనిసరి.

ఏకవచనమో బహువచనమో తేల్చే సంఖ్యల షరతుకు యూనికోడ్ వారి సీఎల్‌డీఆర్ అనే భాషా సమాచార నిధిలో నియమాలున్నాయి. హిందీ, కన్నడాలకు సున్నాను ఒకటితో చేర్చిన ఆ నియమాలు తెలుగుకు ఒకటిని మాత్రమే విడదీశాయి. కనుక సున్నాకు వేరే శాఖ రాయకపోతే ‘0 సెలవులు ఉన్నాయి’ అని అచ్చవుతుంది.

వ్యాకరణానికి సంబంధించిన ఇటువంటి షరతులకు టెంప్లేటే తగిన చోటు. ఉత్తీర్ణత అలా కాదు: ఎన్ని మార్కులకు పాస్ అన్నది బడి తీసుకునే నిర్ణయం కాబట్టి, దాన్ని మార్కులు లెక్కించే ప్రోగ్రాములోనే తేల్చి, టెంప్లేట్‌కు ఫలితాన్ని మాత్రమే పంపడం మేలు.