అరుగు మీద తలుపు

కనుమ నాడు మా ఊళ్లో అరుగు మీద నా బల్ల చుట్టూ పిల్లలు మూగి ఉన్నారు. అటుగా పోతున్న ఓ పెద్దాయన ఆగి, "ఏంటబ్బాయ్, నువ్వు కూడా గుండాట పెట్టేశావా?" అని, మనవడి చెయ్యి పట్టుకుని తీసుకుపోయారు. ఆ మాట ఇంకా నన్ను వదల్లేదు. ఆయన మీద కోపం లేదు. పండగ మూడు రోజులూ మా కోనసీమ తోటల్లో ఏం జరుగుతుందో ఆయనకు తెలుసు. కోడిపందేల బరి పక్కన పాచికలు గిలకొట్టి బొమ్మల మీద డబ్బు కాయించే గుండాట దగ్గర ఎన్ని సంసారాలు అప్పులపాలయ్యాయో చూసిన మనిషి. గుంటలూ అంకెలూ ఉన్న బల్ల కనపడితే అలాగే అనుకుంటారు. కానీ నా బల్లను గుండాట అంటే నాకు కష్టంగా తోచింది.

ఆ బల్ల సంగతి కొంచెం చెప్పాలి. మా మండువా ఇల్లు విప్పించాం. ఆ ఇంటి వీధి తలుపు అమ్మడానికి మనసొప్పలేదు. రెండు రెక్కలూ కలిపి బిగిస్తే ఆరున్నర అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు. మంచి టేకు. చెక్కడం ఉన్న ముఖం కిందికి పెట్టి, వెనక వైపు చిత్రిక పట్టించాం. దాని మీద మేకులు కొట్టి గోళీల బల్ల చేయించాను.

గోళీల బల్ల తెలియని ఇల్లు మా తరంలో తక్కువ. బాగటెల్ అని అట్టపెట్టెలో పెట్టి అమ్మేవారు. నాకు మా నాన్న అంతర్వేది తీర్థంలో కొన్నారు. రెండడుగుల చెక్క, పైన గుండ్రంగా వంపు, కుడి పక్క సన్నటి దారి, దాని అడుగున స్ప్రింగు పుల్ల. పుల్ల లాగి వదిలితే గోళీ వంపు చుట్టి వచ్చి మేకుల మధ్య పడి, ఎటు తగిలితే అటు తిరిగి ఏదో ఒక గూట్లో చేరేది. 1777లో పారిస్ శివార్లలో ఒక రాజకుమారుడి బాగటెల్ అనే మేడలో జరిగిన విందులో ఈ ఆట ఆడారనీ, ఆ మేడ పేరే దీనికి నిలిచిందనీ చెబుతారు. ఆ స్ప్రింగు పుల్లకు అమెరికాలో సిన్సినాటిలో రెడ్‌గ్రేవ్ అనే ఆయన 1871లో పేటెంటు తీసుకున్నాడు. పిన్‌బాల్ యంత్రాలన్నీ ఆ పుల్లకు పుట్టిన సంతానమే.

తలుపంత బల్లకు గాజు గోళీ చాలదు. ఏటికొప్పాక నుంచి అంకుడు కర్ర బంతులు తెప్పించాను. లేత నిమ్మకాయంత ఉంటాయి, లక్క రంగు నున్నగా మెరుస్తుంది. పైవంపుకు వెదురు బద్ద కాల్చి వంచారు. తోసే కర్రకు మొదట సైకిల్ ట్యూబు కట్టి చూశాం, బంతి సగం దాకా వెళ్లి వెనక్కి జారిపోయేది. చివరికి మోపెడ్ స్టాండు స్ప్రింగు కుదిరింది. పాత టేకులోకి మేకు తిన్నగా దిగదు, వంగిపోతుంది. అందుకని ప్రతి మేకుకూ ముందు డ్రిల్లుతో బెజ్జం వేయాల్సి వచ్చింది. మా వడ్రంగి మేస్త్రి ప్రతి వరసా కొట్టాక బంతి వదిలి, అది ఎటు పోతుందో చూసి, తర్వాతి వరస పెన్సిలుతో గుర్తు పెట్టేవాడు. కాయితం మీద గీసుకున్న నా పటాన్ని అతను మొదటి రోజే పక్కన పెట్టేశాడు. మేకుకూ మేకుకూ మధ్య ఎడం బంతి కంటే ఎంత ఎక్కువ ఉండాలో అతని వేలికి తెలిసినట్టు నా స్కేలుకు తెలియలేదు.

పెద్దది చేస్తే ఆట చస్తుందని నన్ను భయపెట్టినవాళ్లు ఉన్నారు. వాళ్ల భయానికి ఆధారం ఉంది. 1979లో అటారీ కంపెనీ హెర్క్యులీస్ అనే పిన్‌బాల్ యంత్రం తెచ్చింది. అమ్మకానికి తయారైన వాటిలో అంత పెద్దది మరొకటి లేదు. మామూలు యంత్రంలో అంగుళం పైచిలుకు ఉక్కు గుండు తిరిగితే, దాంట్లో బిలియర్డ్స్ బంతి తిరిగేది. చూడటానికి అందరూ మూగేవారు, ఆడినవాళ్లు మాత్రం నత్తనడక అని పెదవి విరిచారు. అది యంత్రం తప్పు కాదు. ఒకే వాలు మీద చిన్న గోళీ అయినా పెద్ద బంతి అయినా ఒకే తీరున వేగం పుంజుకుంటుంది. బల్ల మూడు రెట్లు పొడవైతే దిగడానికి పట్టే కాలం పావు తక్కువ రెట్టింపు అవుతుంది. మధ్యలో మేకులు ఆపుతాయి కాబట్టి కంటికి ఇంకా నెమ్మదిగా కనిపిస్తుంది. మా బల్ల మీదా అంతే, బంతి తాపీగా దిగుతుంది.

ఇక ఆ పెద్దాయన మాట. ఆటలో చెయ్యి ఉండాలి, చెయ్యి లేనిది ఆట కాదు, జూదం అని నేను ఎన్నో పండగలకు రాశాను. అందుకే నా బల్ల తరఫున వాదన మనసులో గబగబా అల్లేసుకున్నాను. పిన్‌బాల్‌ను జూదమని 1942లో న్యూయార్క్ మేయర్ లాగార్డియా నిషేధించాడు. పోలీసులు యంత్రాలను సమ్మెటలతో పగలగొట్టారు. అప్పటికి వాటికి బంతిని తిరిగి పైకి కొట్టే రెక్కలు లేవు. అవి 1947లో హంప్టీ డంప్టీ అనే యంత్రంతో వచ్చాయి. 1976లో రోజర్ షార్ప్ అనే పత్రికా సంపాదకుడు నగర కౌన్సిల్ వాళ్ల ముందు ఆడి చూపించాడు. స్ప్రింగు పుల్ల లాగి, బంతి నడిమి దారిలోంచి దిగుతుందని ముందే చెప్పి, అలాగే దించాడు. నిషేధం పోయింది.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. మన దగ్గరే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ సత్యనారాయణకూ మధ్య నడిచిన కేసు ఉంది. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవాళ్లను పట్టుకున్నారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మూడు ముక్కలాటలా రమ్మీ కేవలం అదృష్టం కాదు, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది విడవాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నేర్పు మీద నడిచే ఆట అని 1967లో కోర్టు చెప్పింది. షార్ప్‌నూ సుప్రీంకోర్టునూ వెంటబెట్టుకుని ఆ పెద్దాయన ఇంటికి వెళ్దామనే అనుకున్నాను.

ముక్కనుమ సాయంత్రం మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నాను. పక్కింటి పదేళ్ల పిల్ల కర్ర లాగి వదిలింది. బంతి వెదురు వంపు చుట్టి మొదటి వరస మేకుల దగ్గర ఆగినట్టే ఆగింది. చుట్టూ ఉన్నవాళ్లంతా ఎడమ పక్కకు వంగారు. చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్న తల్లి, సైకిలు దిగకుండా కాలు ఆనించి నిలబడిన కుర్రాడు, పిల్లను పిలవడానికి వచ్చిన వాళ్ల నాయనమ్మ, అందరూ. "అటు కాదే, ఇటు, ఇటు" అని బంతిని బతిమాలుతున్నారు. టక్కుమని ఒక మేకు, టక్కుమని ఇంకోటి. పిల్ల చెయ్యి ఎప్పుడో కర్ర వదిలేసి నోటి మీదికి వెళ్లింది. అప్పుడక్కడ ఎవరి నేర్పుకూ పని లేదు. అంతమందీ ఆ బంతితో పాటు దిగుతున్నారు. చిన్న బల్ల మీద ఇది కంటికి అందేలోపే అయిపోతుంది, అది ఒక్కడి ఆట. తలుపంత బల్ల మీద వీధి మొత్తానికి చూసే వ్యవధి దొరుకుతుంది. జగ్గన్నతోట తీర్థానికి పోయే ప్రభ భుజాల మీద ఊగుతూ కౌశిక నది దాటుతుంటే గట్టు మీద జనం ఊపిరి బిగబట్టి చూసే కాలం లాంటిది అది. ప్రభ అరచేతిలో పట్టేదైతే అంత జనం ఎందుకు వస్తారు?

అప్పుడు నా వాదన నాకే చాలలేదు. చెయ్యి పని కర్ర వదిలేదాకానే. నేను ప్రేమించేది ఆ తర్వాత ఉన్నదంతా. అదంతా అదృష్టమే. షార్ప్ కూడా ఆ రోజు తన దెబ్బలో అదృష్టం కలిసొచ్చిందని తర్వాత ఒప్పుకున్నాడు. శివరాత్రి జాగారానికి మా మామ్మలు వైకుంఠపాళి ఆడేవారు. గవ్వలు ఎంత చెబితే అంత నడవాలి, పాము నోట్లో పడితే దిగాలి, నేర్పన్నది మచ్చుకైనా లేదు. దాన్ని జూదమని ఏ ఇంట్లోనూ ఎవరూ అనలేదు. నేను ఇన్నేళ్లూ గుండాటలో పాచికలను తిట్టాను. తిట్టాల్సింది పక్కన పరిచిన నోట్లను. ఆ నోట్లు తీసేస్తే పాచికలు పిల్లలవి.

మర్నాడు ఆ పెద్దాయన దగ్గరికి వెళ్లి కోర్టుల మాట ఎత్తలేదు. "అక్కడ రూపాయి కూడా మారదండీ బాబాయిగారూ, బంతి ఎక్కడ పడుతుందో చూడ్డమే" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "తగరం బిళ్లలైనా పెట్టకు" అన్నారు. మంచి మాట. పెట్టను.

బల్ల నడుమ వెయ్యి అని రాసిన గూడు ఒకటి ఉంది. దాని ముందు రెండు మేకులు మరీ దగ్గరగా ఉండి, ఎంత బాగా కొట్టినవాళ్లకైనా బంతి తప్పిపోతోంది. నేర్పున్నవాళ్లకు న్యాయం జరగాలని ఆ రెండూ ఎడంగా కొట్టమని మేస్త్రికి పండగ ముందే పురమాయించాను. నిన్న ఫోను చేసి వద్దని చెప్పాను.