దిద్దుబాటు ఎవరి పని?

గురజాడ వారి ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వెలువడింది. చదువుకున్న కమలిని దారి తప్పిన భర్తను తెలివిగా సరిదిద్దిందని మన విమర్శకులు చెబుతూ వచ్చారు. ఈ వ్యాఖ్యానం సరైనదే గాని, అసంపూర్ణమని నా అభిప్రాయం.

అర్ధరాత్రి ఇల్లు చేరిన గోపాలరావు, భార్య కనిపించకపోయేసరికి కోపం పట్టలేక నౌకరు రాముడి వీపుమీద గుద్దుతాడు. వెంటనే సిగ్గుపడి లేవదీస్తాడు. ఈ ఘట్టాన్ని మనం హాస్యంగా చదివి ముందుకు పోతున్నాం. యజమానిమీద తిరిగి చెయ్యెత్తలేడు గనుకనే రాముడు ఆ దెబ్బలు తిన్నాడు. అప్పుడు కమలిని మంచం కింద దాగి వున్నది. ఎదుటపడి వుంటే ఏమయ్యేది? కథలో జవాబు లేదు. పాఠకుడు వేసుకోక తప్పని ప్రశ్న ఇది.

గోపాలరావు దయగలవాడే. స్త్రీవిద్యను మెచ్చేవాడే. లోకహితం కోసం సభలకు పోతున్నానని భార్యను నమ్మించినవాడు కూడా! అటువంటివాడి చెయ్యే లేచిందంటే, దౌర్జన్యానికి మూలం స్వభావంలో కంటె అధికారంలో వెతకాలి.

చల్లపల్లి ప్రాంతంవారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. జమీందారు మంచివాడా, చెడ్డవాడా అన్న విచారం పక్కకు పెట్టి, అసలు జమీందారీయే ఎందుకని రైతులూ కూలీలూ నిలదీసిన నేల ఇది. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి. ఆ నిలదీత మాత్రం ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. పొరుగింట ఆడమనిషి ఏడుపు వినిపిస్తే, “మొగుడూ పెళ్ళాల గొడవ, మనకెందుకు?” అని అరుగుమీది మగవాళ్ళు మాట మారుస్తారు. ఆ మౌనమే కొట్టేవాడికి కొండంత అండ.

2005 నాటి గృహహింస చట్టం ఈ మౌనానికి సాకు లేకుండా చేసింది. హింస జరిగిందని గాని, జరగబోతున్నదని గాని నమ్మటానికి కారణమున్న ఎవరైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చునని నాలుగవ సెక్షను చెబుతున్నది. సదుద్దేశంతో తెలిపినవారిపై ఏ బాధ్యతా పడదు.

గోపాలరావును ముందే హెచ్చరించిన స్నేహితుడొక్కడూ ‘దిద్దుబాటు’లో లేడు. భారమంతా భార్యమీదే పడింది. భార్య దాక్కోవలసిన అవసరం రాకముందే మగవాడి చెయ్యి పట్టుకుని ఆపవలసినవాడు తోటి మగవాడు. ఆ పాత్ర మన సాహిత్యంలో ఇంకా బలంగా రూపుదిద్దుకోలేదు. దాన్ని సృష్టించటం రచయితల కర్తవ్యం. ఆ పాత్ర కథలో ఎందుకు లేదని తరగతిలో అడగటం ఉపాధ్యాయుల కర్తవ్యం. అరుగుమీద ఆ పాత్ర వహించటం మగవాళ్ళందరి కర్తవ్యం.