లాల్‌బాగులో వలసపిట్టల పరిశీలకులు

వర్షములు వెనుకబట్టి బెంగళూరు గాలిలో తొలిచలి తగులునప్పటికే, హిమాలయ ప్రాంతపు అరణ్యములను విడిచి వచ్చిన గ్రీనిష్ వార్బ్లరు, పిచ్చుకకన్న చిన్నదై, తన మేనిరంగుతో ఆకులలో గలిసిపోయి, లాల్‌బాగు తోటలోని కొమ్మలలో పురుగుల నేరుకొనుచుండును. దానిని కంటితో వెదకబోవువాడు మెడనొప్పి దప్ప వేరొండు గడింపడు. ‘చిస్‌వీ’ యను పిలుపు చెవిని బడినంతనే తొందరపడక, ఏ ఆకు గాలిలేకయే కదలినదో నిర్ణయించుకొని, పిమ్మట దుర్భిణి నెత్తుటలోనే యీ విద్యయొక్క నైపుణ్యమంతయు నిమిడియున్నది. కనుబొమవలె పాలిపోయిన చార, రెక్కపై సన్నని గీత — ఇవియే గుర్తులు. ఈకలరిగినచో ఆ గీతయు మాయమగును!

1972లో నేర్పడిన బెంగళూరు బర్డ్‌వాచర్స్ ఫీల్డ్ క్లబ్బువారు నెలనెలా రెండవ ఆదివారమున నిచట గుమిగూడు సంప్రదాయమును నెలకొల్పిరి. వలసపిట్టలలో నొకటియై రాత్రివేళ పయనించు పొన్నంకిపిట్ట అలసి యిండ్లలో దూరుటయు గద్దు. దానిని గుర్తించుటకు పాండిత్య మక్కరలేదు, రంగులే చెప్పును. వార్బ్లరుల పనియే కఠినము.

వేసవి ముదురకముందే, తిరుగు పయనమునకు మున్ను, ఈ వార్బ్లరులు పాట యెత్తుకొనును. రాక తేదీని వ్రాయుట సులభము. కడపటి పిట్ట కనబడిన దినమో, అది వెడలిన పిదప పాత పుటలు తిరుగవేసినగాని తెలియదు. కావుననే శ్రద్ధగల పరిశీలకులు మార్చి మొదలు ప్రతి దర్శనమును, ఎంత సామాన్యమైనను, నోటుపుస్తకమున కెక్కింతురు.